మిల్లు మిద్దె మీద మంచు

అక్టోబరు 4
వాన చినుకుల్ని కొలిచే యంత్రం బిగించేశాం! చిన్నాయన పత్తి జిన్నింగు మిల్లు మిద్దె మీద. ఆదోనిలో ఇంతకంటే తెరిపి చోటు నాకు దొరకలేదు. రెండు తలలు, మధ్యన కంటికి కనపడని లేజరు పట్టీ. దాన్ని దాటే ప్రతి చినుకూ ఎంత లావో, ఎంత వేగమో రాసుకుంటుంది. చెంబుతో నీళ్లు చిలకరించి చూశా... రాసింది! పిచ్చిదానిలా ఒక్కదాన్నే చప్పట్లు.

అక్టోబరు 7
ఎండ మండిపోతోంది. కంప్యూటరు తెర మీద మాత్రం — మంచు. మధ్యాహ్నమంతా మంచు. ఆదోనిలో!
నా పరిశోధన గైడు సారు ఫోన్లో... "పది రోజుల్లో ఒక్క వాననైనా సరిగ్గా కొలవకపోతే ఆ యంత్రాన్ని వేరే ఊరికి పంపేస్తా."

అక్టోబరు 8
మిల్లులో ఊడ్చే మరియమ్మ పైకొచ్చి, లేజరు దగ్గర తేలుతున్న పోగును వేళ్లతో పట్టి చూపింది. "మంచు యాడిది పాపా... మన దూదే ఎగురుతాండాది."
లావుగా ఉండి మెల్లగా పడేదాన్నంతా యంత్రం మంచు అనుకుంది. మిల్లు వాళ్లింట్లో పుట్టి నాకు తట్టలేదు! నవ్వీ నవ్వీ కడుపు నొప్పి.

అక్టోబరు 9
వాన పడితే మిషన్లు ఆపేస్తారు, దూది ఎగరదు. అంటే ఒక్క వాన చాలు! చిన్నాయనతో అన్నాను. "వాన మాటెత్తొద్దు తల్లీ. రైతుల పత్తి అంతా ఆరుబయటే ఉండాది."

అక్టోబరు 12
ఎమ్మిగనూరు వైపు నల్లగా... ఉరుము! మిద్దె ఎక్కా. మిషన్లు ఆగాయి. మొదటి చినుకు — నాలుగు మిల్లీమీటర్ల లావు!! ఇంకోటి. ఇంకో పది. తెర నిండిపోయింది. "వచ్చిందోచ్!" అని గంతులేశా, అరిచా.
కింద పత్తి కుప్పల మీది టార్పాలిన్ గాలికి లేస్తుంటే నలుగురు దాని మీద పడుకుని ఆపుతున్నారు. అందరూ తలెత్తి నన్నే చూశారు. సిగ్గేసింది. దిగి వెళ్లి నేనూ ఒక కొస పట్టుకున్నా. అప్పటికే ముందు వరస తడిసింది. అందులో మరియమ్మ వాళ్లు గుత్తకు తీసుకుని సాగు చేసిన చేని పత్తి కూడా ఉందట.

అక్టోబరు 13
సారు ఫోన్... "బ్రహ్మాండం! ఇలాంటిది ఇంకొక్కటి పట్టు. యంత్రం అక్కడే ఉంచేద్దాం." ఇంకొక్కటి! ఒళ్లంతా ఉత్సాహమే.
మెట్లు దిగితే మరియమ్మ, తడిసిన పత్తిని ఎండకు పరుస్తోంది. హొళగుంద వైపు మళ్లీ మబ్బు.
"పాపా, వస్తాదా? నీ మిషను ఏమంటాండాది?"
పడిన చినుకునే చెబుతుంది, పడబోయేది దానికి తెలీదు అన్నా.
"పోనీ నువ్వన్నా సెప్పు, రాదని."
మబ్బు వైపే పోతున్న చూపు తిప్పుకుని, ఆమె పక్కన కూర్చుని తడి పత్తి పరిచా.