ఆరో వేలు లేని ఆటకత్తె

తాతా,

ఎట్లా ఉన్నావు? నువ్వు పోయి పదకొండు నెలలైంది. సంవత్సరీకం రోజున కూర్చుని రాద్దామనుకున్నాను... అంతదాకా ఆగలేకపోతున్నాను.

నేను హిందూపురంలోనే హాస్టల్లో ఉన్నాను. బి.ఏ. రెండో సంవత్సరం. శనివారం రైలెక్కి, పెనుకొండ దాటి, ధర్మవరంలో దిగి, ఆటోలో మన ఊరికి వస్తాను. నాయన వసారాలో తోలు గీకుతూ ఉంటాడు. నువ్వు కూర్చునే చోట ఇప్పటికీ కూర్చోడు. పక్కన ఇంకో చాప వేసుకుంటాడు. తోలుబొమ్మలాటకు పిలిచేవాళ్లు తగ్గారు, లాంప్‌షేడ్లు అడిగేవాళ్లే ఎక్కువ.

నీ పెట్టెలో ఆటకత్తె లేదు తాతా. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నీకు పెళ్లి కాకముందు కోసిన బొమ్మ. తెర వెనక దీపం పెడితే ఆమె చీర మీది చిల్లులన్నీ చుక్కలై వెలిగేవి. ఎడమ చేతికి ఆరు వేళ్లు. చిన్నప్పుడు నేను వేళ్లు లెక్కపెట్టి, తప్పు చేశావని నవ్వితే, నువ్వు ఉలి కింద పెట్టి అన్నావు: "తప్పు గాదు మ్మే. అది మా యమ్మ చెయ్యి. దీన్ని చూసి ఎవుడన్నా ఇంగోటి కోసుకోనీ, ఐదు వేళ్లే కోస్తాడు. అప్పుడు తెలిసిపోతాది ఏది మనదో."

ప్రవీణన్న గుర్తున్నాడా? పెనుకొండ అబ్బాయి. మా కాలేజీలో నాకంటే రెండేళ్లు ముందు చదివాడు. మన బొమ్మలకు ఫోటోలు తీయడానికి వచ్చి, మన ఇంట్లో సంగటి తిన్నాడు. అతను వెళ్లాక నువ్వన్నావు: "ఆ పిల్లోనికి కండ్లు బాగుండాయి. బొమ్మను బొమ్మ మాదిరి చూస్తాండాడు." ఆ మాట అననే అన్నావు. అందుకే నమ్మానని ఇప్పుడు నీ మీదికి తోసేయనా?

నువ్వు పోయిన మూడో నెలలో అతను కాలేజీ గేటు దగ్గర కలిశాడు. ఆటకత్తెను డిజిటల్ కలెక్టబుల్ చేద్దామన్నాడు. అదేమిటని నువ్వు అడుగుతావు. బొమ్మను చాలా వివరంగా ఫోటో తీస్తారు. ఆ ఫోటో ఎవరిదో, అలాంటివి ఎన్ని ఉన్నాయో, ఎవరూ చెరపలేనట్టుగా ఎన్నో కంప్యూటర్లలో రాసి పెడతారు. ఆ రాతను కొంటారు తాతా. బొమ్మను కాదు. గోడకు తగిలించుకోలేరు, ఆడించలేరు. 'ఇది ఒక్కటే ఉంది, అది నాది' అని చెప్పుకోవడానికే కొంటారు.

దాని పక్కన పెట్టడానికి బొమ్మ కథ నన్ను రాయమన్నాడు. నీ పేరు దేశాలు తిరుగుతుందన్నాడు. ఆ రోజుల్లో నాకు మాటల పిచ్చి కొత్తగా పట్టింది. ఒక మంచి మాట దొరికితే రోజంతా నాలుక కింద పెట్టుకుని తిరిగేదాన్ని. నా మాటలు ఎవరో చదువుతారంటే... ఎట్లా కాదనేది?

మూడు పేజీలు రాశాను. మన ఆచారం గురించి కూడా రాశాను. పాత బొమ్మను మనం అమ్మం, పారేయం. చిరిగితే కుడతాం. సూది దించితే తోలు పొడిపొడిగా రాలిన రోజున తెల్లబట్టలో చుట్టి, టెంకాయ కొట్టి, చిత్రావతి ఏట్లో వదులుతాం. "కుట్టు నిలిచినన్నాళ్లు బొమ్మ బతికుండేదే" అని నువ్వనే మాటతో ముగించాను.

అతను అది చదివి, ఆఖరి పేజీ ఇంకోసారి చదివాడు. బాగా నచ్చిందేమో అనుకున్నాను.

"అసలుది మీ ఇంట్లో పెట్టెలో ఉంటే, ఇది ఒక్కటే అని ఎట్ల చెప్పేది పాపా? కొనేటోడు నమ్ముతాడా? మీకు ఏట్లో కలిపే ఆచారం ఉండనే ఉండాది కదా," అన్నాడు.

అది తప్పని తెలుసు తాతా. కానీ కాదనలేదు. అసలుది నీళ్లలో కలిసి, నా మాటలతో అది ఎప్పటికీ ఉండిపోవడం... అది కూడా ఒక కథలా, అందంగా తోచింది. ఇంత సిగ్గులేని మాట నీకు తప్ప ఎవరికి రాయగలను?

నాయనతో ఆటకత్తె తోలు పాడైందన్నాను. నాయన నమ్మలేదు. బొమ్మను ఒళ్లో పెట్టుకుని సూదికి దారం ఎక్కించుకున్నాడు. నడుము దగ్గర సూది దించబోతున్నాడు. అది దిగితే కుట్టు నిలుస్తుందని నాకు తెలుసు.

"తాత ఆస్పత్రిలో చెప్పినాడు నాయనా," అన్నాను. "ఆటకత్తె నాతోనే ముసిలిదైంది, నా ఎనకనే పంపించండి అన్నాడు."

నువ్వు ఆ మాట అనలేదు. నేను కట్టిన మాట. ఎంత బాగా కట్టానంటే, నాయన సూది కింద పెట్టేశాడు.

"ముందే చెప్పొచ్చు కదా మ్మే," అన్నాడు. అంతే.

ఏట్లో నీళ్లు వచ్చిన వారం చూసి వదిలాం. నాయన మోకాలి లోతు దిగి, బట్టతో సహా రెండు చేతులా పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. ప్రవీణన్న గట్టు మీద ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. గుర్తుగా ఉంటుందని తీస్తున్నాడనుకుని, నాయన అతనికి దండం కూడా పెట్టాడు.

ఆ తర్వాత అతను ఫోన్ ఎత్తడం తగ్గించాడు. పోయిన నెలలో కాలేజీ లైబ్రరీ కంప్యూటర్లో నేనే వెతికాను. పేజీ దొరికింది. నా వాక్యాలు ఇంగ్లిషులో ఉన్నాయి. మొదట సంతోషమే వేసింది తాతా, అబద్ధమెందుకు చెప్పాలి. తర్వాత బొమ్మ కింద చూశాను. 'నూరింటిలో ముప్పై ఏడవది' అని ఉంది.

ఒక్కటి కాదు. నూరు చేశాడు.

నీ పేరు వెతికాను. 'పేరు తెలియని జానపద కళాకారుడు' అని ఉంది. నాయన నీళ్లలో నిలబడ్డ వీడియో ఉంది. 'అసలు బొమ్మ ఇక లేదు' అని దాని కింద రాశాడు. ఆ ఒక్కటీ నిజమే.

బొమ్మను పెద్దది చేసి ఎడమ చెయ్యి చూశాను. లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను.

ఐదు.

పెనుకొండలో రైలు దిగి అతని స్టూడియోకు వెళ్లాను. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. కోపంగా మాట్లాడి ఉంటే బాగుండేది.

"ఒక్కటే పెడితే మార్కెట్లో ఎవుడూ చూడడు పాపా. నూరు మందికి దొరికి, మిగతా వాళ్లకు దొరకనట్ల ఉండాల. అప్పుడు ధర లేస్తాది. ఈ కాలంలో అరుదంటే అదే."

మరి ఆటకత్తెను ఏట్లో ఎందుకు వదిలించావని అడిగాను.

"ఆ వీడియో లేకుంటే నూరు కూడా అమ్ముడు పోయేటివి కాదు."

వేలు సంగతి అడిగితే నవ్వాడు. "ఆరు వేళ్లుంటే కంప్యూటర్ గీసిన దొంగ బొమ్మ అనుకుంటారు పాపా. ఇప్పుడు అందరూ ముందు వేళ్లే లెక్కపెడతారు. అసలు బొమ్మ మాదిరి ఉండాలనే తీసేసినా."

నువ్వు చెప్పినట్టే జరిగింది. ఐదే కోశాడు. ఏది మనదో నాకు తెలిసిపోయింది... కానీ పక్కన పెట్టి చూపించడానికి మనది ఏది తాతా?

టీ తాగకుండా వచ్చేశాను. నాకు వాటా ఇస్తానని ముందు అన్నాడు. ఆ ఊసు అతనూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. రైల్లో అతన్ని తిట్టడానికి మాటలు వెతుక్కున్నాను. చాలా దొరికాయి. ధర్మవరం వచ్చేసరికి ఒక్కటీ నోట్లో నిలవలేదు. అతను నన్ను మోసం చేశాడు, నిజమే. నాయనను మోసం చేసింది మాత్రం అతను కాదు.

ఇప్పుడు అసలు కష్టం వేరే ఉంది. నువ్వు పోయిన పొద్దున నాయన ఇంటికెళ్లి ఉన్నాడు, ఆస్పత్రిలో నీ దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను కదా. నా అబద్ధం విన్నప్పటి నుంచి నాయనకు ఒక ఆశ పట్టుకుంది. నేను ఇంటికి వచ్చిన ప్రతిసారీ తోలు గీకుతూ, తల ఎత్తకుండా అడుగుతాడు.

"తాత ఇంగేమన్నా చెప్పినాడా మ్మే? నా గురించి ఏమన్నా..."

ఊరికొచ్చిన వాళ్లకు ఆటకత్తె మాట గర్వంగా చెబుతున్నాడు. 'మా నాయన ఆఖరి మాట' అంటున్నాడు. ఇప్పుడు అది అబద్ధమంటే, ఆటకత్తె పోయినట్టే ఆ మాటా పోతుంది. చెప్పకపోతే, వచ్చే శనివారం మళ్లీ అడుగుతాడు. నేను ఇంకో మాట కడతానేమో... నాకు అదే భయం. ఈసారి ఇంకా బాగా కట్టగలను.

ఏం చేయమంటావు?

అడగకూడదులే. అడిగితే, జవాబు కూడా నువ్వు చెప్పినట్టు మళ్లీ నేనే కట్టుకుంటాను.

ఈ శనివారం ఈ ఉత్తరం తీసుకెళతాను. నాయన ఎదురుగా, నీ చోటు వదిలేసి, కింద కూర్చుని మొత్తం చదువుతాను. ఎక్కడా వాక్యం సర్దను. నాయన లేచి వెళ్లిపోయినా ఆపను. కొట్టినా సరే.

ఆ తర్వాత కూడా అడిగితే, నువ్వు నిజంగా అన్నది చెబుతాను. ఆ పొద్దున నువ్వు కళ్లు తెరిచి అన్నది ఒక్కటే: "కిటికీ మూయి మ్మే, దుమ్ము వస్తాంది."

మూశాను. మళ్లీ నీ వైపు తిరిగేసరికి...

నాయనకు అంతే చెబుతాను తాతా. ఒక్క మాట కూడా కలపను.

నీ మనవరాలు,
కళావతి