బ్రేకు పిన్ను

నవంబరు 4

నాన్న మోటారు సైకిలు ఇంజను దింపాను. వరండాలో గోనె పరిచి ముక్కలన్నీ వరసగా పెట్టాను. నాన్న మంచం గుమ్మం దగ్గరికి లాగాను— బాగా కనపడాలిగా. పక్షవాతం నోటినీ కుడిచేతినీ తీసుకుపోయింది, కళ్ళని వదిలేసింది. తన బండి నా చేతుల్లో ఎలా విడిపోతుందో చూడనీ.

నవంబరు 5

గ్రీజు తుడవడానికి గుడ్డ లేదు. రిటైరైన రోజు నాన్న వేసుకున్న తెల్ల చొక్కా చింపాను, ఆయన చూస్తుండగానే. మంచి కాటను. నూనె బాగా పీలుస్తుంది.

నవంబరు 9

అభన్‌పూర్. పాత ఇనుము కొట్లో పిస్టన్ రింగులు దొరికాయి. కొట్టువాడు నా వెనక మగవాళ్ళెవరైనా ఉన్నారేమోనని చూశాడు. "దీదీ, మిస్త్రీ కహాఁ హై?" మెకానిక్ ఎక్కడని. నేనే మిస్త్రీని అన్నాను. నవ్వాడు. నవ్వుకోనీ, రింగులు ఇచ్చాడు కదా.

నవంబరు 12

ఆసుపత్రి. మాట పూర్తిగా పోలేదంది డాక్టరమ్మ. ఇంట్లో వాళ్ళ పేర్లు రోజూ అనిపించమంది. పెదాలు కలిపితే వచ్చే మాటలు ముందు వస్తాయట. నా పేరు మంగ— సులువేగా. ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చున్నాను. "మంగ అను నాన్నా." గోడవైపు తిరిగాడు.

మధ్యాహ్నం నిద్రలేచి "శీను" అన్నాడు. స్పష్టంగా, గుమ్మంలోకి చూస్తూ. తమ్ముడు విశాఖపట్నంలో ఉన్నాడు. ముద్ద పెడుతున్నది నేను.

ఈ జన్మకి నన్ను మంగ అని పిలిచింది లేదు. "ఏటే గుంటా." "ఇలా రాయే గుంటా." మా సొంతూరు సిక్కోలు వీధుల్లో తిరిగే ప్రతి ఆడపిల్లా గుంటే. నలభై దాటినా నాకు అదే.

నవంబరు 15

అన్నం ఆలస్యంగా పెట్టాను. కావాలనే.

నవంబరు 20

కిక్ రాడ్డు బిగించాను. ఈ బండికి అదే కిక్కు, అదే గేరు. స్టార్టయ్యాక ముందుకు మడుచుకోవాలి. చిన్నప్పుడు ఎవరూ లేనప్పుడు ఒకసారి స్టార్ట్ చేశాను. రాడ్డు మడిచాను కూడా. నాన్న వచ్చి బండి ఆపలేదు. నా చెయ్యి పట్టుకుని సైలెన్సరుకి ఆనించాడు. "తెలిసిందేటే గుంటా? ఇది మొగోల బండి." అమ్మ వెన్న రాసింది.

అరచేతిలో మచ్చ అలాగే ఉంది. స్పానరు సరిగ్గా అక్కడే ఆనుతుంది. శీను మాత్రం పాలపళ్ళు ఊడకముందే నాన్న ముందు టాంకీ మీద కూర్చుని మా పేట మోవా అంతా తిరిగాడు.

నవంబరు 27

స్టార్టయింది. రెండు సైలెన్సర్లూ ఒకేసారి అందుకున్నాయి. పక్కింటి పిన్ని, కాకీ అంటాం, బయటికొచ్చి "అరే, చల్ పడీ బిటియా" అంది, నడిచేసిందే పిల్లా అని. ఏడ్చేశాను. నాన్న వైపు చూశాను— కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్ర కాదు. నిద్రపోయేవాడి రెప్పలు అలా బిగుసుకోవు.

నవంబరు 30

ఆరంగ్ దాటి మహానది వంతెన దాకా వెళ్ళొచ్చాను. గాలి... ఇంకేమీ రాయను. ఈ రోజు నాది.

డిసెంబరు 2

శీను వీడియో కాల్. "అక్కా, నువ్వు తోపువే. నాన్న ఎప్పుడో మాటిచ్చీసాడు కదా, బండి నాకేనని. ట్రైన్లో వేసీ." బతిమాలడం లేదు. పాలప్యాకెట్ తెమ్మన్నట్టు.

నాన్ననే అడుగుదాం అన్నాను. ఫోను ఆయన ముందు పెట్టాను. ఎడమచెయ్యి లేచింది. బండిని చూపించాడు. తర్వాత ఫోనుని. పొరపాటేమోనని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే. ఈసారి సగం మూతితో నవ్వాడు కూడా.

డిసెంబరు 3

కోపం.

డిసెంబరు 6

స్టేషన్లో పార్శిల్ ఆఫీసు. ప్యాకింగ్ అతను టాంకీ మూత తీసి వాసన చూశాడు. పెట్రోలు చుక్క ఉన్నా బుక్ చెయ్యరు. గడ్డి, గోనె, పురికొస. వెనక బ్రేకు పెడలు అడ్డమొస్తోంది, రాడ్డు విప్పమన్నాడు. విప్పాను. పెడలు పక్కకి తిప్పి గడ్డి కట్టాక రాడ్డు మళ్ళీ తగిలించాను. పిన్ను తప్ప. అది లేకపోయినా రాడ్డు కొన్నాళ్ళు చోటు వదలదు. తర్వాత గుంతల్లో అదిరీ అదిరీ జారిపోతుంది. ముందు బ్రేకు ఎప్పుడూ పేరుకే.

మరిచిపోయానా? లేదు. ఈ పేజీకి అబద్ధం చెప్పి ఏం లాభం. అతను గోనె కుడుతున్నంతసేపూ పర్సులో చెయ్యి పెట్టి పిన్ను తడుముతూ నిలబడ్డాను.

డిసెంబరు 7

నిద్ర బాగా పట్టింది.

డిసెంబరు 9

బండి చేరింది. "ఒక్క కిక్కుకే అందుకుంది అక్కా. నేనేం ముట్టుకోలేదు. నువ్వు బిగించాక ఇంకేటి చూస్తాం." నాకు చీర కొంటాడట. ఏ రంగు కావాలని అడిగాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి. ఏదో ఒకటి అన్నాను.

డిసెంబరు 10

పిన్ను నాన్న ఎడమచేతిలో పెట్టాను. రైల్వే వ్యాగన్ షాపులో ఉద్యోగమంతా బ్రేకులు చూసిన మనిషి. ఏమిటో, ఎక్కడిదో, ఎందుకు తన చేతిలో ఉందో తెలిసిపోయింది. ఈసారి గోడవైపు తిరగలేదు. నన్నే చూశాడు.

"ఎవరికి చెప్తావు నాన్నా?" అన్నాను.

డిసెంబరు 11

అన్నం ముట్టలేదు. పిన్ను గుప్పిట్లోంచి తియ్యనివ్వడు.

శీను ఫోన్. రేపు సింహాచలం కొండ మీద బండి పూజట. పెళ్ళాం సరోజని వెనక, పాపని ముందు ఎక్కించుకుని వెళ్తాడట. పాప ఫోను లాక్కుని "అత్తా, నేను టాంకీ మీద" అంది. ఆ కొండ దిగుడు నాకు తెలుసు. జాగ్రత్తరా అన్నాను. "నువ్వు బిగించిన బండే కదే" అని పెట్టేశాడు.

పాప సంగతి నేను అనుకోలేదు. దేవుడా, పాప సంగతి అనుకోలేదు.

డిసెంబరు 12, పొద్దున్న

ఫోను తీశాను. నాన్న చూస్తున్నాడు. ప్రాణమంతా ఆ ఫోను మీదే. నా వైపు ఒక్కనాడైనా అలా చూశాడా? నంబరు నొక్కకుండా మంచం పక్కన కూర్చున్నాను.

"మంగ అను. ఒక్కసారి. అంటే ఇప్పుడే చేస్తాను."

నోరు వంకర తిరిగింది. చొంగ కారింది. తుడవలేదు.

"గుం...ట" అన్నాడు.

అది పేరు కాదు నాన్నా అన్నాను. మళ్ళీ అదే. పిన్ను ఉన్న గుప్పిటని నా ఒళ్ళోకి నెడుతున్నాడు. కళ్ళల్లో నీళ్ళు. నా కోసం కాదు, తెలుసు. ఇంత బతుకులో నా కోసం ఆయన దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటేనా?

శీను ఫోటో పంపాడు. హ్యాండిలుకి బంతిపూల దండ, టాంకీ మీద పాప. ఇంకా ఇంటి ముందే ఉన్నారు.

ఆయన అలా పెనుగులాడుతున్నంతసేపూ నేను ఇది రాస్తూ కూర్చున్నాను. కూర్చోగలిగాను.

ఈసారి పెదాలు కలుపుతున్నాడు. తొందరగా అను నాన్నా. తొందరగా...