బోనం కుండల నీళ్లు

అవ్వా,

నా పిల్లల నవల అచ్చయింది. నువ్వు చెప్పిన పోతరాజు, అమ్మవారు, మాట్లాడే వేపచెట్టు, అందరున్నరు. ఎంత మంచిగ వచ్చిందో!

ప్రెస్సుల ప్రూఫులు చూసే పంతులు ఒక్కకాడ ఆగిండు. "బోనంల అన్నముంటది గని నీళ్లుంటయా బిడ్డా? జెర దిద్దు" అన్నడు. నేను దిద్దలే.

పోలీస్ యాక్షన్ దినాలల్ల ఆయన మనింట్ల లేడు గద. విమానాలు తిరుగుతున్నయని, మేం బయటికి ఉరకకుండ గడపకు పసుపుగీత గీసినవ్. దాటితే పోతరాజు కొరడా దెబ్బలేనన్నవ్. మూడోనాడు నీళ్లు ఒడిసినయి. కడవ పగిలి ఉండె. ఆషాఢంల ఎత్తిన బోనం కుండ పట్టుకొని, నీ గీత నువ్వే దాటి బన్సీలాల్‌పేట్ బావికి పోయినవ్. పై మెట్టు మీద కుండ సక్కగ దించి, పక్కనే ఒరిగి పాణం ఇడిసినవట. పక్కింటి సాయబు నిండు కుండ తెచ్చి మా ముంగట పెట్టిండు.

నా కథల అవ్వ తిరిగొస్తది. బోనమెత్తినామెకు పోసినట్టే, గడపకాడ మనుమరాలు ఆమె కాళ్లమీద నీళ్లు పోస్తది.

పంతులు చెప్పింది ఆచారం. నేను రాసింది మేం రెండు దినాలు తాగిన నీళ్లు.

నీ మనుమరాలు