చుక్కల్ల దొరికిన పేరు

బోధన్

అవ్వా, నీ బిడ్డ సుగుణ శనార్థులు. నేను మంచిగున్న, రంది పెట్టుకోకు.

బడిల చదువు అందని పిల్లలను నాకు అప్పజెప్పిండ్రు. చెరుకు కొట్టెటోళ్ల బిడ్డ గంగుబాయి పలకే ముట్టదు. నిన్న చెరుకు పాకం వాసన గాలిల తేలొస్తుంటే నాకు కన్నంటుకున్నది. కండ్లు తెరిచేసరికి గా పిల్ల మట్టిల ముగ్గేస్తున్నది! నేను పక్కన గట్లనే దాని పేరు అచ్చరాల తీరుగ చుక్కలు పెట్టిన. కలుపుకుంట పోయి తన పేరు రాసింది. బడి ఇడిచినంక, ముగ్గు తొక్కద్దని పిల్లలందరు గా పేరు చుట్టు తిరిగి పోయిండ్రు. నాకింకా కలల ఉన్నట్టే ఉంది.

బర్రె ఈనిందా? పసుపు ఉడుకబెట్టుడు అయిందా? నా దుప్పటి ఎవలన్న వస్తే పంపు. బాపుకు దండాలు.

కార్డు బాపు చదివి ఇనిపిస్తడు. కింద పెట్టిన చుక్కలు మాత్రం నీకే, అవ్వా. ముగ్గు లెక్క నువ్వే కలుపు. గది నీ పేరు.