ముందు వరుస కోచ్‌ని పొగిడిన రోజు

క్రెయిగీబర్న్,
మెల్‌బోర్న్.

ప్రియమైన అక్కకు,

ప్రభువు నామంలో నీకు, బావగారికి, అమ్మకు వందనాలు. చిన్నికి ముద్దులు. నేను ఇక్కడ క్షేమం. మీరంతా అక్కడ ఆరోగ్యంగా ఉన్నారని నమ్ముతున్నాను. అమ్మ మోకాలికి ఆ కొత్త నూనె పనిచేస్తోందా? చిన్నికి ఊడిన ముందు పళ్లు మళ్లీ వచ్చాయా? ఫోన్లో అడిగితే "ఆఁ, అంతా బాగే" అని తేల్చేస్తావు. నేనూ అంతేననుకో. పైగా ఇప్పుడు చెప్పబోయేది ఫోన్లో మొదలుపెడితే నా గొంతు పెరుగుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఇక్కడ పొద్దున ఎండ కాస్తుంది, మధ్యాహ్నానికి వాన, సాయంత్రానికి చెవులు కోసే గాలి. స్వెట్టర్ వేసుకుంటున్నాను, అమ్మకు చెప్పు. వేళకు తింటున్నాను. వండే వంతు నాదైన రోజు పప్పుచారు, నాతో ఉండే వరంగల్ శ్రీకాంత్‌ది అయిన రోజు కోడిగుడ్లు. గోడౌన్ పని, యూనివర్సిటీలో క్లాసులు సాగుతున్నాయి. ఆదివారం ఆట ఉన్నా పొద్దున్నే ఆరాధనకు వెళ్తున్నాను. ఇక్కడి మన తెలుగు సంఘంలోని గ్రేస్ ఆంటీ మాత్రం ఊరుకోదు. "ప్రభువు దినాన బంతాటేంటి నాయనా" అంటూనే నాకు చేపల పులుసు డబ్బాలో పోసి ఇస్తుంది.

ఇంకో సంగతి. దేశం దాటాకే నాకు తెలుగు మాటల మీద మోజు పుట్టింది. ఒడుపు, ఊతం, నిబ్బరం. ఇలాంటివి బస్సులో కూర్చుని నాలో నేనే పలుక్కుంటాను. ఎవరైనా వస్తుంటే నాన్నగారి బీరువాలోని పెద్ద నిఘంటువు పంపించు. బరువు ఎక్కువైతే పచ్చడి తగ్గించు, పుస్తకం తియ్యకు.

ఇక అసలు విషయం. నేను ఆడే ఆట గురించి ముక్కలు ముక్కలుగానే చెప్పాను నీకు. ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, ఇక్కడివాళ్లు వెర్రిగా చూసే ఫుటీ కూడా కాదు. అమెరికా వాళ్ల ఆట. తలకు హెల్మెట్, భుజాల మీద దిళ్లంత పట్టీలు. మావైపు ముందు వరుసలో నలుగురం ఒక చెయ్యి నేలకు ఆనించి వంగి నిలబడతాం. ఎదుటివాళ్లు మమ్మల్ని తోసి తమ బంతికి దారి చేసుకోవాలని చూస్తారు. నువ్వు హైస్కూలు గ్రౌండులో నాకు కబడ్డీ పట్లు నేర్పావే, ఆ ఒడుపు చూసే నన్ను ఈ వరుసలోకి తీసుకున్నారు. ఇందులో నా పని ఎదుటివాళ్లని ఇద్దర్ని నా మీదకు లాక్కుని పడుండడం. అప్పుడు నా వెనకున్నవాడికి దారి దొరుకుతుంది, వాడు పరిగెత్తి బంతి పట్టుకున్నవాణ్ణి పడేస్తాడు. మైకులో వాడి పేరు చెబుతారు. నా పేరు నేను కింద పడి దెబ్బ తగిలితేనే చెబుతారు.

ఈ ముందు వరుసకు విడిగా ఒక కోచ్ ఉంటాడు. మా కోచ్ పేరు రోలీ. అమెరికన్, అరవైకి దగ్గరలో ఉన్నాడు. పగలు టైర్ల షాపులో పని. ప్రాక్టీసు ఉండే గురువారాల్లో సాయంత్రం తన యూట్‌లో, అంటే వెనక తొట్టి ఉండే బండిలో, నన్ను ఎక్కించుకుని గ్రౌండుకు తీసుకెళ్తాడు. "ముందు చేతులు, కిడ్. కాళ్లు వాటంతటవే వస్తాయి" అంటాడు ప్రతిసారీ. మా క్లబ్బులో జీతం లేదు ఎవరికీ.

ఆ ప్రయాణాల్లోనే ఆయన బతుకంతా విన్నాను. కాలేజీ రోజుల్లో ఆయనా ఈ వరుసలోనే ఆడాడు. మోకాలు పోయాక కోచింగులోకి వచ్చాడు. అక్కడ చిన్న చిన్న కాలేజీల్లో ముందు వరుసకు కోచ్‌గా ఉద్యోగం. జట్టు ఓడితే హెడ్ కోచ్‌ని పీకేస్తారు, ఆయనతో పాటు కిందివాళ్లంతా సామాన్లు సర్దుకోవాల్సిందే. తన వరుస ఎంత బాగా ఆడినా సరే. కొత్త హెడ్ కోచ్ తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. అలా ఊరి తర్వాత ఊరు. ఆయన భార్య జాన్ ఇక్కడి మనిషి. అద్దెకు దిగిన ప్రతి ఇంటి పెరట్లో నిమ్మచెట్టు నాటేదట, ఒక్క చెట్టు కాయ కూడా కోసుకోలేదట. చివరికి, నువ్వొచ్చినా రాకపోయినా నేను మా ఊరు పోతున్నానని తేల్చి చెప్పింది. ఆయన ఆమె వెంట వచ్చేశాడు.

ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారి కూడా హెడ్ కోచ్ కాలేదక్కా. ఒక్క ఏడాదైనా జట్టు మొత్తం తన చేతి కింద ఆడాలని ఆయన కోరిక. ఈసారి మా హెడ్ కోచ్ బ్రిస్బేన్ వెళ్లిపోవడంతో ఆ చోటు ఖాళీ అయింది. రోలీ వెళ్లి కమిటీని అడిగాడు. "మొదటిసారి నా నోటితో నేనే అడిగాను" అని నాకు చెబుతూ సిగ్గుపడ్డాడు. ఇదే ఆఖరి అవకాశమని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఎవర్ని పెట్టాలో శనివారం క్లబ్బు మీటింగులో తేలుస్తామన్నారు. సభ్యులెవరైనా లేచి మాట్లాడొచ్చు, ఆ తర్వాత కమిటీ నిర్ణయం చెబుతుంది. ముందు వరుస కుర్రాళ్లంతా నన్నే మాట్లాడమన్నారు. మాటలు నీ దగ్గరున్నాయి కదా మేట్ అన్నారు. అక్కా, ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో! వారం రోజులు వంటగదిలో నిలబడి ఇంగ్లీషులో సాధన చేశాను.

శ్రీకాంత్ వినీ వినీ విసిగిపోయాడు. "నీదేం పోయిందిరా? ఆయన పెద్ద కోచ్ అయితే నీకు ఈడనే ఉండిపోనీకి పీఆర్ ఇప్పిస్తడా? గుడ్లు మాడుతున్నయ్ చూస్కో" అన్నాడు.

మీటింగు రోజున బయట బార్బీ మీద, అంటే మాంసం కాల్చే పొయ్యి మీద, సాసేజీలు కాలుతున్నాయి. లోపల అందరూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. రోలీ చివరి వరుసలో, పక్కన జాన్. నేను లేచి మాట్లాడాను. ఎవరూ చూడని చోట ఈయన మమ్మల్ని నిలబెట్టాడన్నాను. లావుగా ఉన్నామని అందరూ నవ్విన కుర్రాళ్లకు ఆ బరువే బలమని చెప్పిన మనిషి అన్నాను. ఈయన లేకపోతే మా వరుస లేదు, మా వరుస లేకపోతే జట్టు లేదన్నాను. తనకంటూ ఎప్పుడూ ఏమీ అడగని మనిషి, ఇప్పుడు అడిగాడు, కాదనకండి అని ముగించాను. గది మొత్తం చప్పట్లు. జాన్ కళ్లు తుడుచుకుంది. పని అయిపోయిందన్న సంతోషంతో నేను కూర్చున్నాను.

అప్పుడు క్లబ్బు అధ్యక్షుడు గ్రెగ్ లేచాడు. ఇళ్లు అమ్మించే వ్యాపారం చేస్తాడు, నవ్వు ముఖం.

"కిరణ్, నువ్వు నా మనసు మార్చేశావ్ మేట్. రోలీకే ఇద్దామనుకుని వచ్చాను. ఇది విన్నాక ఆయన్ని మీ వరుస నుంచి లాగేసే ధైర్యం ఎవరికుంటుంది చెప్పు?"

నిజంగా ఇద్దామనుకునే వచ్చాడో, అప్పటికప్పుడు కథ అల్లాడో ఆ క్షణాన నాకు తెలియలేదు. కమిటీలో మిగతావాళ్లు తలలూపారు. హెడ్ కోచ్ పదవి జోష్‌కి ఇచ్చారు. నా కంటే నాలుగైదేళ్లు పెద్దవాడేమో, బంతి విసిరే కుర్రాళ్లకు కోచ్, చూడ్డానికి బాగుంటాడు. రోలీకి క్లబ్బు రంగుల్లో పేరు కుట్టించిన కోటు తెచ్చి తొడిగారు. మనవాళ్లు ఎవరినైనా పక్కకు పెట్టే రోజున శాలువా కప్పుతారే, అచ్చం అలాగే. కోటు ముందే కుట్టించి తెచ్చారంటే ఇంక నాకు అర్థం కావాల్సింది ఏముంది? మళ్లీ చప్పట్లు. రోలీ ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి థ్యాంక్స్ చెప్పాడు.

జాన్ తన కారులో వెళ్లిపోయింది. నేను రోలీతో యూట్ ఎక్కాను. నేనే సారీ అన్నాను.

"బాగా మాట్లాడావ్, కిడ్."

"మీ పని పాడు చేశాను."

"అమెరికాలో మూడు చోట్ల నేను అడగకముందే ఇదే మాట చెప్పారు నాకు. నువ్వు ఆ వరుసకు కావాలి, నిన్ను కదపలేం అని. నా మీద చెడ్డమాట చెప్పిన మనిషి ఒక్కడూ లేడు." రోడ్డు వైపే చూస్తూ మళ్లీ అన్నాడు. "నీ మాటలు మధ్యలోనే ఆపాల్సింది నేను. నాకు తెలుసు, అవి ఎటు పోతున్నాయో. కానీ ఒక గదిలో పదిమంది ముందు నా గురించి అలా ఎవరూ చెప్పలేదు. వింటూ కూర్చున్నాను. బాగుంది, వినడానికి."

ఆయన మానేస్తాడనుకున్నాను. మానేస్తే బాగుండుననుకున్నాను. మానలేదు. గురువారం గోడౌన్ నుంచి నేరుగా ప్రాక్టీసుకు నేను వెళ్లేసరికి ఆయన ఆ కోటు వేసుకుని మేం గుద్దే దిమ్మెలు వరసగా పేరుస్తున్నాడు. జోష్ ఆయన పక్కనే తిరుగుతూ ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలో అడిగి తెలుసుకున్నాడు. విన్నదంతా పది నిమిషాల తర్వాత మా అందరికీ తన మాటగా చెప్పాడు. ఆయన్ని "లెజెండ్" అని పిలుస్తున్నాడు, భుజం తడుతున్నాడు. ఆయన నవ్వుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంతటితో అయిపోలేదు. వచ్చే శనివారం బహుమతుల విందు ఉంది. అందులో రోలీకి సేవా పురస్కారం ఇస్తారట. జోష్ నా దగ్గరికొచ్చి "నువ్వే మాట్లాడాలి మేట్, పోయినసారి అదరగొట్టావ్" అన్నాడు. సరే అన్నాను. మనసులో వేరే లెక్క వేసుకున్నాను. పొగడ్త ఒక్క ముక్క లేకుండా, ఈయన ఆ పని అడిగాడు, మీరు ఇవ్వలేదు, ఎందుకివ్వలేదో ఆయన ముఖం చూసి చెప్పండి అని ఆ మైకులో అడుగుదామనుకున్నాను. దానికి కావలసిన మాటలు కూడా ఏరి పెట్టుకున్నాను.

రోలీకి ముందే చెప్పడం మర్యాద అనిపించి, ఇంటికొచ్చే దారిలో చెప్పాను. యూట్ పక్కకు తీసి ఆపాడు. ఆయన గొంతులో బతిమాలడం అదే మొదటిసారి విన్నాను.

"ఆ మాట అనకు, కిడ్. నాకు దక్కినదానితో నేను తృప్తిగా ఉన్నానని వాళ్లనుకుంటున్నారు. అలా అనుకుంటున్నారు కాబట్టే గురువారం నేను అక్కడికి రాగలుగుతున్నాను. నువ్వు అది బయటపెడితే ఇంక రాలేను. నాకు ఆ నలుగురు కుర్రాళ్లు, ఆ గురువారాలు తప్ప ఏమున్నాయి?"

ఏం చెప్పను అక్కా? అనను అని మాటిచ్చాను. అంటే శనివారం నేను లేచి ఆయన్ని మళ్లీ పొగడాలి. తృప్తిగల మనిషి అనాలి, నిబ్బరం గల మనిషి అనాలి. బస్సులో ముద్దుగా పలుక్కున్న మాటే, ఇప్పుడు నోట్లో పెట్టుకుంటే చేదు. నా వల్ల కాదు.

అందుకని శనివారం నాకు జ్వరమని చెప్పి ఇంట్లో ఉండిపోతాను. పొగడడానికి ఇంకెవరైనా దొరుకుతారు వాళ్లకి, అదేం కష్టమైన పని కాదు. గ్రేస్ ఆంటీ కొడుకు కూడా మా క్లబ్బులోనే ఆడతాడు, ఆమెకు తెలిస్తే వెంటనే అమ్మకు ఫోన్ చేస్తుంది. కిరణ్‌కి ఒంట్లో బాగోలేదట అని ఎవరు చెప్పినా అమ్మను కంగారు పడొద్దను. సంఘంలో నా పేరున ప్రార్థన పెట్టించొద్దు. నాకు ఏ జబ్బూ లేదు. నేను బాగానే ఉన్నాను.

బావగారికి, పెదనాన్నకు, పాస్టరు గారికి నా వందనాలు చెప్పు. అమ్మ చెయ్యి నా తల మీద ఉన్నట్టే తలచుకుంటున్నాను.

నీ తమ్ముడు,
కిరణ్