విమానం మీద నాలుగు గొట్టాలు

నస్పూర్ గని కాలనీ,
12-4-1967, బుధవారం.

సిరిసిల్లలో ఉన్న మా నర్మదక్కకు, బాలమల్లు బావకు తమ్ముడు కైలాసం నమస్కారాలు.

క్షేమం రాయాల్సిన చోట అన్యాయం రాస్తున్నాను, ఏమీ అనుకోకు. చేసినవాడు లింగమూర్తి. మొన్న ఆదివారం కార్మికుల పఠనాలయంలో, అందరూ చూస్తుండగా, మన బాపు ఫోటోను గోడ మీది నుంచి దించాడు. ఇంతకాలం కాకా అని పిలిచిన నోటితోనే ఇప్పుడు వట్టి లింగమూర్తి అంటున్నాను.

ఏ ఫోటో అంటావేమో. నువ్వు చూడలేదు. బాపు పోయినంక సందుగ అడుగున, పాత ధోవతి మడతలో నాకు దొరికింది. విమానం ముందు బాపు నిలబడ్డాడు. తలపాగా, భుజాన గొంగడి, నల్లటి మీసాలు. మనమెరిగిన బాపు దగ్గుతో వంగిపోయిన మనిషి కదా. ఇందులో ఛాతీ విరుచుకుని, నవ్వు ఆపుకుంటున్నాడు. చిన్నప్పుడు నిన్ను భుజమ్మీద ఎక్కించుకుని గోదావరి చూపించేవాడని చెప్తుంటావే, అప్పటి నవ్వు ఇదే అయి ఉంటుంది. అట్ట వెనక పెన్సిలుతో 1948 అని ఉంది.

నిజాం కాలంలో సర్కారు మీద తిరగబడ్డ సంఘంలో పనిచేసినవాళ్ళ ఫోటోలు పఠనాలయంలో పెడుతున్నారు. బాపు సంవత్సరీకం నాడు నేనే తీసుకెళ్ళి తగిలించాను. పఠనాలయం నడిపే లింగమూర్తి కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరికి వచ్చాడు.

"ఓ కైలాసం, గా యేడు విమానాలు ఎవలవిరా? సర్కారువి. మేం అడవిల ఆకులు నములుతుంటె మీ బాపు సర్కారు విమానం ముందట ఫోటువ దిగిండా? గిసొంటోని ఫోటువ గీ గోడకు వద్దు" అన్నాడు.

బాపు పనిచేసింది జగిత్యాల దిక్కు. ఇక్కడివాళ్ళెవరూ అప్పుడు ఆయనతో లేరు. బాపు ఏనాడూ గొప్ప చెప్పుకోలేదు. రోజూ బాపుతో కలిసి గనిలో దిగిన రాయమల్లు కూడా బీడీ ముట్టించుకుంటూ బయటికి పోయాడు.

ఆవేశం కాదు, ఆధారం కావాలని కరపత్రాల్లో చదివాను. ఆవేశమైతే తగ్గలేదు గానీ ఆధారం కోసం మంచిర్యాలలో విమానాల బొమ్మల పుస్తకం కొన్నాను, భూతద్దం అడుక్కొచ్చాను. రెక్క మీద రెక్క, మధ్యన నిట్టాళ్ళలాంటి కట్టెలు, ముక్కుకు రెండాకుల పంకా, కప్పులేని గుంతలో పైలట్. ఇది యుద్ధ విమానం కాదక్కా, నడపడం నేర్పే విమానం! చక్రాలు గడ్డిని ఆనడం లేదు, అంటే అప్పుడే లేవబోతున్నది. బాపు నీడ విమానం మీద పడింది, విమానం నీడ మాత్రం ఎక్కడా లేదు, అంటే మిట్టమధ్యాహ్నం. పైలట్ ముఖం మసకేసింది గానీ, మనిషి మరీ పొట్టివాడు. బరువు తక్కువ ఉన్నవాళ్ళనే తీసుకుంటారు కాబోలు.

ఇదంతా చెబితే లింగమూర్తి ఫోటో మీద వేలు పెట్టాడు. "మరి గీ నాలుగు గొట్టాలేంది? తుపాకులు గావా?"

పైలట్ ముందు, గుంత అంచు మీద, వరసగా నాలుగు పొట్టి గొట్టాలు. పుస్తకంలో ఏ నేర్పుడు విమానానికీ అవి లేవు. తల కొట్టేసినట్టయింది.

అవ్వకు ఇదేమీ చెప్పలేదు. అసలే ఏడాదిగా కుమిలిపోతున్నది. అయినా విమానాల సంగతి అవ్వకేం తెలుస్తుంది? నీకప్పుడు మూడేళ్ళు. ఆవగింజంత గుర్తున్నా రాయి. బాపు నీతో ఎప్పుడన్నా విమానం ముచ్చట చెప్పాడా? లేకపోతే నిజంగానే బాపు... ఆ మాట నా చేత్తో రాయలేను. సర్కారు మనిషి కొడుకని పిలిపించుకుంటూ రేపు ఆ గనిలోకి దిగలేను.

నీ తమ్ముడు,
కైలాసం

తా.క.: కవరు అంటించబోతుంటే అవ్వ రొట్టెల పిండి చేతులతో వచ్చి ఫోటో చూసింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్విందక్కా, ఏడాది తర్వాత!

"విమానమారా గది? కొండగట్టు జాతరల ఫోటువ డేరా. చెక్కకు రంగులేసి నిలవెట్టిండ్రు. మీ బాపు సంఘంల తిరుగుతుండె, పోలీసోళ్ళు దేవులాడుతుండ్రి. జాతర మందిల ఎవలు గుర్తువడ్తరని మమ్ముల గాడికి రమ్మని కబురు వెట్టిండు. మల్ల కలుస్తమో లేదో, పిల్లకు బాపు మొఖమన్న ఉండాలె అని నేనే పట్టువట్టిన."

మరి పైలట్ ఎవరని అడిగాను.

"మీ అక్కనే. చెక్కకు తలకాయంత బొక్క ఉంటది. వెనుక ఒక్కతె నిలవడనని ఒకటే ఏడుపు. నేనే సంకల ఎత్తుకొని బొక్కల మొఖం వెట్టిచ్చిన."

అని, ఆ పిండి చెయ్యి బల్ల అంచుకు వేసి పట్టుకుంది. నాలుగు వేళ్ళు వరసగా వంగాయి. "పడకుంట గిట్ల చెక్క పట్టుకున్న. గివి గొట్టాలారా, సదువుకున్నోడా?"

నేనొక్కణ్ణే లేనన్నమాట అన్నాను.

"ఎందుకు లేవు? కడుపుల ఉన్నవ్" అని, రొట్టె మాడుతున్నదని లోపలికి పోయింది.

పైన రాసింది కొట్టెయ్యడం లేదు. చదువుకుని నవ్వు. ఆ ఫోటోలో నలుగురం ఉన్నాం. బాపు మళ్ళీ గోడ ఎక్కేటప్పుడు మిగతా ముగ్గురం కింద నిలబడాలి. తన చెయ్యి ఫోటో పక్కన పెట్టి లింగమూర్తికి చూపిస్తానని అవ్వ అంటున్నది. బావను తోలుకుని పెద్దపల్లిలో రైలెక్కు. ఈ నెల ఇరవై మూడు, ఆదివారం, సాయంత్రం అయిదింటికి, పఠనాలయం ముందు.