కంపెనీ మనిషి మోకాలు

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు, శనివారం

నర్మదక్కకు జమున దండాలు. మేం బాగానే ఉన్నాం. ఫోన్‌లో చెబితే పక్కనున్న ఆయన వింటారని కార్డు రాస్తున్నాను.

మీ మరిదికి మోకాలి ఆపరేషన్ వచ్చే శుక్రవారం. మోకాల్లో వేసే కొత్త కీలు అమ్మే కంపెనీ మనిషి నాంపల్లి దవాఖానలో మా గదికి వచ్చాడు. "దునియాల మాకంటే పెద్ద కంపెనీ లేదమ్మా, ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు. డాక్టరు బల్ల మీది పెన్ను, గోడ మీది గడియారం కూడా వాళ్లిచ్చినవే. నాకెందుకో నమ్మకం కుదరలేదు. వెనకాలే వెళ్లాను. గదిలో నిటారుగా నడిచినవాడు, మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని పక్కకు తిరిగి, పళ్లు బిగబట్టి ఒక్కో మెట్టూ దిగుతున్నాడు.

"మరి మీరెందుకు చేయించుకోలే?" అన్నాను.

అటూ ఇటూ చూసి, "భయమైతదమ్మా. మీ సార్‌కు చెప్పకున్రి" అన్నాడు.

మా ఇల్లు తీసి బియ్యానికి పురుగు పట్టిందేమో చూడు. సుల్తాన్ బజార్‌లో నీకు చీర తీసుకున్నాను. ఆపరేషన్ కాగితం మీద సంతకం నన్నే పెట్టమంటున్నారు, గురువారంలోగా బావను పంపు. పిల్లలు చల్లగా ఉండాలి.

ఆయనకు ఇంకా చెప్పలేదు. నిన్న ఆ మనిషి చెయ్యి పట్టుకుని, "నీ లెక్క నడిస్తే చాలు తమ్మీ" అన్నారు.